మూడు ముక్కలైన 412 నంబరు గడియారం

కీర్తిశేషులు నాగేంద్ర భార్యను, కుళ్లాయప్ప కూతురిని, ప్రొద్దుటూరులో కాపురముంటున్న భువనేశ్వరి అనే నేను, వయసు యాభై, పదో తరగతి వరకు చదివినదాన్ని, పూర్తి తెలివితో, పక్కన కూర్చుని ఎవరూ చెప్పకుండా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది.

వచ్చే గురువారం తిరుపతిలో నాకు గుండె ఆపరేషను. అయినా నేను కలం పట్టింది అందుకు కాదు. నిన్న పులివెందుల నుంచి తమ్ముడు సురేంద్ర ఫోను చేశాడు. "అక్కా, నాయన గడియారం డయలుకు గీతలు పడిండాయి. కొత్త రంగు కొట్టిస్తాండా. కొత్తిల్లు చేరేనాటికి ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తా" అన్నాడు. వద్దురా నాయనా అంటే, "నీకేం తెలుసులే అక్కా" అని పెట్టేశాడు. నాకు గొంతు పెంచడం రాదు. ఇరవై ఏళ్లుగా మెల్లగా చెప్పి చెప్పి విసిగిపోయాను. ఇక కాగితమే చెప్పాలి.

1. ముందు ఆ గడియారం సంగతి. జమ్మలమడుగులో ఒక దొర డాక్టరు ఇంట్లో మా తాత గడియారాలకు కీ ఇచ్చేవాడు. దొర తన దేశం వెళ్తూ ఈ జేబు గడియారం ఆయన చేతిలో పెట్టాడు. నాయన ప్రొద్దుటూరులో వాచీలు బాగుచేస్తూ దాన్ని ఒక్కరోజు కూడా ఆగనివ్వలేదు. నాయన పోయాక పెద్దమనుషులు భాగాలకు కూర్చున్నారు. "బంగారు కేసు పెద్దోనికి. తెల్లంగా ఉండే డయలూ ముళ్లూ చిన్నోనికి. ఆడబిడ్డకు లోపలి ఇత్తడి మిషను చాల్లేప్పా" అన్నారు. నడుస్తున్న గడియారాన్ని నా కళ్ల ముందే విప్పదీసి మూడు కాగితాల్లో చుట్టారు. ముగ్గురికీ సమానంగా వచ్చిందని టీ తాగి లేచారు. దాన్ని తిప్పే చిన్న తాళంచెవి మాత్రం అమ్మ కొంగున ముడేసుకుంది. పోయే ముందు అది నాకిచ్చింది.

2. దాని విలువ ఏమిటో మూడేళ్ల కిందట బెంగళూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చెప్పాడు. ఆయన పాత గడియారాలు సేకరిస్తాడు. నా దగ్గరున్నది చూసి, కంటద్దం తీసి, "డయలు ఎక్కడమ్మా? ఏ దొంగలు విప్పారు దీన్ని?" అన్నాడు. "దొంగలు కాదండీ, పెద్దమనుషులు" అన్నాను. ఆయన నేనిచ్చిన మజ్జిగ పక్కన పెట్టి మళ్లీ కంటద్దం పెట్టుకున్నాడు.

ఆయన చెప్పింది మా వాళ్లకు ఎక్కదు గనుక ఇక్కడ రాస్తున్నాను. ఇది, దీన్ని తయారుచేసిన కంపెనీ వాళ్ల మొదటి ఏడాది సరుకు. నంబరు 412. మొదటి అయిదు వందల తర్వాత వాళ్లే మిషను మార్చేశారు. ఈ తొలి వాటిలో ప్రతి ముక్కనూ చేత్తో అరగదీసి అమర్చారు. అందుకే డయలు వెనకుండే మూడు రాగి కాళ్లు ఈ మిషను రంధ్రాల్లో తప్ప మరెక్కడా కూర్చోవు. కేసులోనూ, మిషను మీదా, డయలు వెనకా ఒకే నంబరు ఉండాలి. గీతలుంటే ఉండనీ, రంగు మాత్రం తగలకూడదు, మెరుగు పెట్టకూడదు. వీటన్నిటిలో బంగారానిదే తక్కువ విలువ. మా ఊళ్లో ఏదైనా ముందు త్రాసులో పెడతారు గనుక ఈ చివరి మాట ఎవరికీ చెప్పలేకపోయాను.

3. దువ్వూరు దగ్గర నా పేర ఉన్న అర ఎకరా తమ్ముడు సురేంద్రకు చెందాలి. డయలూ ముళ్లూ ఉన్నవి ఉన్నట్టు అన్న కూతురు భార్గవి చేతిలో పెట్టిన రోజునే చెందాలి. రంగు వేయించి తెస్తే ఆ నేల బ్రహ్మంగారిమఠంలో అన్నదానానికి పోతుంది. ఒరే సురేంద్రా, చిన్నప్పుడు జ్వరమొస్తే ఆ గడియారం చెవి దగ్గర పెట్టుకునే నిద్రపోయేవాడివి. గుర్తు తెచ్చుకో.

4. జమ్మలమడుగులో ఉన్న అన్న ఆదినారాయణకు నాయన వాచీల పనికి వాడిన కంటద్దం. ఏ వస్తువునైనా ఒక్కసారి దగ్గరగా చూస్తాడని ఆశ.

5. వదిన లక్ష్మీకాంతమ్మకు ఏమీ రాయడం లేదు. ఆమెకు చేరవలసింది ఎప్పుడో చేరింది.

6. పక్కింటి మెహబూబున్నీసాకు నా రోలు రాద్దామనుకున్నాను. సాక్షికి ఏమీ రాయకూడదని దస్తావేజులు రాసే ఆయన అన్నాడు. అందుకని పొద్దున్నే దొర్లించుకుంటూ వాళ్లింట్లో పెట్టేశాను.

7. నేనుండే ఇల్లు, పూజ గది, తాళంచెవి, మిషను అన్న కూతురు భార్గవికి. ఈ వీలునామా అమలు చేయవలసింది కూడా ఆమే. ఏడేళ్లప్పుడు అది మిషను మీద బోర్లించిన గాజు గిన్నె దగ్గర కూర్చుని, "అత్తా, ముళ్లు లేకుండా ఇది ఎవురికోసం తిరుగుతాంది?" అని అడిగింది. మా ఇంట్లో ఆ గడియారం గురించి అడగవలసిన మాట అడిగింది అదొక్కతే.

8. భార్గవీ, స్వామి పటం వెనక చెయ్యి పెట్టు. బంగారు కేసు అక్కడుంది. పదకొండేళ్ల కిందట మీ అమ్మ దాన్ని కరిగించి కమ్మలు చేయమని కంసాలి వీరాచారికిచ్చింది. ఆయన మూత తెరిచి నంబరు చూసి నా దగ్గరకు తెచ్చాడు. "అమ్మా, దీన్ని మూసలో వేసేదానికి నాకు చెయ్యి రాల్యా. మీ నాయన దీని మూత బిగిస్తాంటే పక్కన కూర్చుని చూసినోన్ని" అన్నాడు. నేను మా అమ్మ గాజులు రెండూ తీసి త్రాసులో వేశాను. కేసు బరువుకు సరిపోయాయి. మీ అమ్మ చెవులకున్నవి ఆ గాజులే. పండక్కి వచ్చినప్పుడల్లా వాటిని తడుముకుంటూ, "మా మామ గడియారం బంగారం ఇది, పొద్దు చూడకుండానే టైము తెలుస్తాది" అని నవ్వుతుంది. మా అమ్మతో పదేళ్లు మాట్లాడని మనిషి మా అమ్మ గాజులు చెవులకు పెట్టుకుని తిరుగుతోంది. అబద్ధమాడానని స్వామికి చెప్పుకున్నాను. అన్నకు చెబితే మళ్లీ పెద్దమనుషులు కూర్చుంటారు.

9. మూడు నంబర్లూ ఒక చోట చేరిన రోజున దానికి కీ ఇవ్వు. ఎనిమిది చుట్లు, అంతకు మించి వద్దు. సురేంద్రకు మూడో అంశం, మీ నాయనకు నాలుగోది చదివి వినిపించు. ఈ కాగితాలు మాత్రం మడిచి పటం వెనకే దాచు. ఎవరికీ చూపవద్దు. మీ అమ్మ ఆ కమ్మలు ఇష్టంగా పెట్టుకుంటోంది.

కార్తీక సోమవారం, 18 నవంబరు 2024, ప్రొద్దుటూరు.

(సంతకం) భువనేశ్వరి

సాక్షులు:
మెహబూబున్నీసా, పక్కిల్లు
వీరాచారి, బంగారు పని