పోయిన ఏడు రోజుల్లో ఒక్క గంట

మార్చి 3, సోమవారం

పెనుకొండ. పది ఇళ్లయ్యాయి. ఉపవాసంతో నాలుక పిడచకట్టుకుపోతోంది. అయినా అదే ప్రశ్న — పోయిన ఏడు రోజుల్లో ఒక్క గంటైనా పని చేశారా? గంట చేసినా పనిలో ఉన్నట్టే. పదిహేనేళ్లు దాటినవాళ్లలో నూటికి ఎంతమంది అలా ఉన్నారో తేలితే, అదే దేశపు ఉపాధి రేటు. ఒక ఆటో ఆయన పడీ పడీ నవ్వాడు. "గంట తోలినా పనోడేనా మేడమ్? అట్లయితే మా ఊర్లో ఖాళీగా ఉండేటోడే ల్యాడు పో!" కోపం వచ్చింది. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది.

సర్వేలో నా కాంట్రాక్టు ఈ నెలాఖరు వరకే. తప్పులతో ఫారాలు వెనక్కి వచ్చినవాళ్లకు పొడిగింపు ఉండదని సూపర్‌వైజర్ సార్ ముందే చెప్పాడు. నావి ఇంతవరకు ఒక్కటీ రాలేదు.

మార్చి 5

ధర్మవరం, నేతగాళ్ల వీధి. ఒక్క పూటలో పన్నెండు ఇళ్లు! ఒక ఇంట్లో నాగరాజు మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకునే జవాబులన్నీ చెప్పాడు. భార్య లక్ష్మీదేవి? "ఆయమ్మేం చేస్తాది, ఊరికే ఇంట్లో ఉంటాది." లోపలి నుంచి ఆమె కూడా — "అవునమ్మా, నేనేం చేస్తా." ఇంటిపని అని టిక్కు పెట్టాను. మిగతా ఇళ్లలోనూ అంతే. ట్యాబ్‌లో అన్నీ పంపేశాను.

మార్చి 7

నాగరాజు ఇంట్లో గొడుగు మర్చిపోయాను. తెచ్చుకుందామని వెళితే మగ్గం ఆగి ఉంది.

"ఆయమ్మకు జరం మేడమ్. దారం కండెలు చుట్టేవాళ్లు ల్యాకపాయ. పట్టు ల్యాకుండా నేనేం నేసేది?"

ఇంటి మగ్గానికి కూలి లేకుండా సాయపడినా అది పనే. శిక్షణలో పక్కవాళ్లకు ఈ ముక్క వివరించిందే నేను. బుద్ధి గడ్డి తిని, గుమ్మంలో నిలబడి మగవాళ్లు చెప్పింది రాసుకొచ్చాను. లక్ష్మీదేవి పని వెతుక్కోవడం లేదు కాబట్టి నిరుద్యోగుల్లోకీ రాదు. అక్కడా లేదు, ఇక్కడా లేదు. పన్నెండు ఇళ్లలోనూ ఆడవాళ్లందరికీ ఇదే చేశాను.

మార్చి 8

సార్‌కు ఫోన్ చేశాను. "ఏమ్మా, నీ పన్నెండు ఇండ్లతో దేశం లెక్క మారిపోతాదా?" తర్వాత మెల్లగా — "మార్చల్లంటే లెటర్ రాయి. పన్నెండూ రిటర్న్ పడతాయి, నీ పేరు మీద. ఆమీద నీ ఇష్టం."

భయంగా ఉంది.

మార్చి 9, ఆదివారం

హిందూపురం. ఇల్లు. అమ్మ మండీ నుంచి తెచ్చిన చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. కూలికి. నా డిగ్రీ దానిమీదే నడిచింది. ఉన్నట్టుండి అడిగాను — పోయిన వారంలో ఏమన్నా పని చేసినావా అమ్మా?

"యాడ పనిమ్మే? ఊరికే కూచోనుండా గదా."

చెయ్యి మాత్రం ఆగలేదు. ఈ ఉద్యోగం దరఖాస్తులో అమ్మ గురించి నేను రాసింది గుర్తొచ్చింది. గృహిణి. సిగ్గుతో అన్నం సయించలేదు.

మార్చి 10

లెటర్ ఇచ్చేశాను.

మార్చి 12

మళ్లీ ధర్మవరం. ఈసారి లోపలికి వెళ్లి లక్ష్మీదేవి పక్కన కూర్చున్నాను. జ్వరం తగ్గింది, రాట్నం తిరుగుతోంది. ఆమెకు చెప్పాలని లేదు. "పని చేస్తాండానని రాస్తే మా రేషన్ కార్డు పోదు గదా?" పోదన్నాను. మీ పేరు బయటికి రాదన్నాను. రాట్నం ఆపింది.

"పొద్దున ఐదింటికి కూచుంటా. వంటకు లేస్తా. మళ్లా కూచుంటా... రాత్రి దాకా ఉంటాది." వేళ్లు మడిచి లెక్క పెడుతూ పెడుతూ ఆగింది. గుంతలో నాగరాజు కూడా నేయడం ఆపి వింటున్నాడు.

మార్చి 15

పన్నెండూ సరిచేసి పంపాను. సార్ మెసేజ్‌లో ఒకటే మాట — "చూస్తాం."

మార్చి 24

నా తోటి అమ్మాయికి పొడిగింపు ఫోన్ వచ్చింది. నాకు రాలేదు.

మార్చి 29

ఇంకా ఏమీ తెలియదు. సార్ ఫోన్ ఎత్తడం లేదు. "వచ్చే నెల పనికి పోతావు గదా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. చూడాలి అన్నాను.

వచ్చే నెల మా ఇంటికే ఎవరైనా సర్వేకు వస్తే, అమ్మకు పని ఉన్నట్టు రాసుకుంటారు, లోపలికి వచ్చి అడిగితే. నాకు ఏమని రాస్తారో...