ఆయన పేరు అడిగారు

1968 ఆగస్టు 3

జగన్నాధం గారు పోయారు. విజయనగరంలో చెల్లెలి ఇంట్లో. ఈ నౌపడలో ఇంకా ఎవరికీ తెలియదు. చెప్పొద్దన్నారు మా ఆయన. మందుల షాపు ఆ పెద్దాయనది, లైసెన్సూ ఆయన పేరు మీదే. మా ఆయన ఉత్త కాంపౌండరు. షాపు గోడకి పెద్దాయన సర్టిఫికెట్టు ఫ్రేము కట్టి ఉంది. దానికి దండ వేయకూడదట.

ఆగస్టు 5

షాపు తెరిచారు. వెనక గదిలో సీసాలు కడుగుతుంటే బయట ఎవరో పిలిచారు, ఉలిక్కిపడి ఒకటి పగలగొట్టాను. ఏటే, సీసాని సూసీ బయమేనా, నా కొడుకు పిల్లిని కట్టుకున్నాడే అని అత్త నవ్వింది. ఆవిడకి ఇంకా తెలియదు.

ఆగస్టు 8

మీ పేరు మీదే లైసెన్సు రాదా అని అడిగాను. మెట్రిక్ పాసవ్వాలట. కాలేజీలో రెండేళ్లు ఫార్మసీ చదవాలట. ఆపైన ట్రైనింగు. అప్పుడు హైదరాబాదు కౌన్సిల్లో పేరు ఎక్కిస్తారట. ఒకప్పుడు పని తెలిసిన కాంపౌండర్లనీ ఎక్కించుకున్నారట. అప్పటికి ఈయనకి మీసాలే రాలేదు. ఈయన చదివింది ఎనిమిది, నేను ఐదు. నీకన్నా మూడు కలాసులు ఎక్కువే సదివినాను కదే అని నవ్వించబోయారు. నాకు ఏడుపొచ్చింది.

ఆగస్టు 9

టెక్కలిలో డ్రగ్గు ఇన్‌స్పెక్టరు దిగాడట.

ఆగస్టు 12, మధ్యాహ్నం

పార్సిలు తేవడానికి మా ఆయన స్టేషనుకి వెళ్లారు. షాపులో నేనొక్కదాన్నే. ఇన్‌స్పెక్టరు వచ్చారు. ఈ ప్రాంతానికి కొత్తట. ఇక్కడ మందులు కలిపేది ఎవరమ్మా అన్నారు. మా ఆయనండీ అన్నాను. పేరు అడిగారు.

కట్టుకున్నవాడి పేరు ఎలా పలకను? పలికితే ఆయుష్షు తగ్గుతుందంటారు. మా వైపు ఏ ఆడదీ పలకదు. ఎవరైనా అడిగితే పక్కనున్నవాళ్లు చెప్తారు. పక్కన ఎవరూ లేరు. మొహం గోడవైపు తిప్పుకున్నాను. ఇన్‌స్పెక్టరూ అటే చూశారు. ఫ్రేము చదివి, ఓహో, జగన్నాధం గారా అని రాసుకున్నారు. కాదండీ అనాలి. అంటే మళ్లీ పేరే అడుగుతారు, అనలేదు. వచ్చే సోమవారం మళ్లీ వస్తారట. మీ ఆయన్ని ఉండమను, సంతకం కావాలి అన్నారు.

సాయంత్రం

మా ఆయన తిట్టలేదు. ఒకందుకు మంచిదే అన్నారు. తరవాత కాగితం తీసుకుని పెద్దాయన సంతకం దిద్దడం మొదలుపెట్టారు. దొరికితే ఏమవుతుందని అడిగాను. లైసెన్సు లేదంటే కేసు, దొంగ సంతకమైతే జైలే అన్నారు. తల ఎత్తలేదు.

ఆగస్టు 15

అత్తకి చెప్పక తప్పలేదు. ఈసారి నవ్వలేదు. నీ నోరు పడిపోను, బతికున్నోడికి సచ్చినోడి పేరెట్టీసినావేటే అంది.

నిన్నటినుంచి మా ఆయనకి ఒళ్లు కాలిపోతోంది. ఏ మందుకీ జ్వరం దిగడంలేదు.

ఆగస్టు 19

జగన్నాధం గారూ అని పిలిచారు ఇన్‌స్పెక్టరు. జ్వరంతోనే లేచొచ్చి మా ఆయన పలికారు. కలం అందుకున్నారు. నేను వెనక గదిలోంచి వచ్చి చెప్పేశాను. కూర్మయ్యండీ. ఈయన కూర్మయ్య.

షాపుకి సీలు పడింది. ఆయన నాతో మాట్లాడలేదు.

రాత్రికి జ్వరం దిగింది. జావ తాగారు.