పేరంటాలి ముందు నూనె ప్రకటన

పీలమేడు

చెల్లి పాపమ్మాళ్‌కు, ప్రాణంతోనే ఉన్నాను, దిగులుపడకు. గొంతు ఆపరేషనుతో మాట పోయింది, ఇక రాదట. అందుకే ఫోను చేయక కార్డు రాస్తున్నాను.

శుక్రవారం మన ఇంటి ఇలవేల్పు పేరంటాలికి చీర పెట్టాం. ఏటా ఆ తల్లికి ఇంటి కబుర్లన్నీ తెలుగులో చెప్పుకొనేది నేనే కదా. నా కొడుకు గోకులకృష్ణన్‌కు నాలుగు తెలుగు ముక్కలు రావు. ఫోనులో ఆంధ్రావాళ్ల స్తోత్రం పెట్టాడు. ముందుగా తెలుగులో మోకాళ్ల నొప్పుల నూనె ప్రకటన వచ్చింది. అదే స్తోత్రమనుకుని అందరూ చేతులు జోడించారు. మనవరాలు నిత్య హారతి కూడా ఇచ్చింది. వద్దు వద్దని నేను చేతులూపితే, నాకు పూనకం వచ్చిందనుకుని కోడలు చారులత "అత్తైకి సామి వందాచ్చు!" అని అరవంలో అరిచి నా నెత్తిన పసుపు నీళ్లు కుమ్మరించింది. ఏడిస్తే అదీ భక్తే అనుకున్నారు. రాసి చూపిద్దామంటే నాకొచ్చిన తెలుగు అక్షరాలు చదివేవాళ్లు ఇక్కడ లేరు.

వచ్చే శుక్రవారం నువ్వు రా. తప్పు కాయమని ఆ తల్లిని అడుగు. అడగగలిగేది ఇక నువ్వొక్కదానివే.

మీ రేగడిలో వాన పడిందా? పత్తి విత్తారా? కొంచెం సజ్జపిండి తెచ్చిపెట్టు, గంజి తప్ప ఏదీ దిగడం లేదు. మరిది పళనివేల్‌కు, పిల్లలకు దీవెనలు. వానలో తడవకు. నీ గొంతు జాగ్రత్త.

అక్క తులసమ్మాళ్