చంకన నిలవని బిందె

హిందూపురం,
19-8-1962

చిరంజీవి సౌభాగ్యవతి లక్ష్మీనరసమ్మకు నీ భర్త కదిరప్ప దీవించి వ్రాయునది. ఇక్కడ నేను కుశలము. నల్లమాడలో పుట్టింట నీవు, అత్తమ్మ, మామగారు క్షేమంగా ఉన్నారనీ, శనక్కాయ చేలలో కలుపు పనులు సాగుతున్నాయనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. నీ కుడి మణికట్టుకు వేసిన కట్టు ఇంకా పది రోజులు విప్పరాదన్నారట. తొందరపెట్టవద్దు. ఎడమ చేతి రాత వంకరగా ఉన్నదని సిగ్గుపడ్డావు. చదవడానికి నాకేమీ కష్టం కాలేదు. రాత్రి బడి నుండి వచ్చి నా పలక మీదనే నీకు అక్షరాలు దిద్దించినవాడిని. నీ వంకరలు నాకు తెలియనివి కావు.

నీళ్ళు ఎవరు తెస్తున్నారని అడిగావు. నేనే తెస్తున్నాను, పనికి పోకముందు, భుజం మీద. మన కార్ఖానాలో తయారైన కొత్త అల్యూమినియం బిందెతోనే. బిందెకు మెడ దండగ అని, అంచు మడవడం అంతకన్నా దండగ అని, రెండూ తీసివేసి, స్తంభం మాదిరి నిలువుగా, నున్నగా ఒక బొమ్మ గీసి ఇచ్చి బొంబాయి డిజైనరు రైలెక్కిపోయాడు. దాన్ని స్కేలుతో కొలిచి, ఇస్సాకు చేత లేతు యంత్రం మీద చేయించిన సూపర్వైజరును నేను. ఇది నీకు తెలిసినదే. ఆ తరువాత జరిగినది వ్రాస్తాను.

బెంగళూరు ప్రదర్శనశాలలో నా పేరు అచ్చులో చూసుకున్నానా అని అడిగావు. చూడలేదు. బిందెను నల్లగుడ్డ పరిచిన పీట మీద నిలబెట్టి, పైనుండి దీపం వేసి, చుట్టూ తాడు కట్టి, ‘తాకరాదు’ అని చీటీ పెట్టారు. తాకకుండా బిందె మంచిచెడ్డలు ఎవరికి తెలుస్తాయో నాకు అర్థం కాలేదు. ఒక పెద్దమనిషి మూడుసార్లు చుట్టూ తిరిగి, రూపంలో ఎంత నిరాడంబరత్వమో అన్నాడు. ఒక పెద్దింటి ఆవిడ, దీనిలో నెమలి ఈకలు పెట్టుకుంటానన్నది. ఇస్త్రీ చొక్కా వేసుకుని రెండు రోజులు అక్కడ నిలబడ్డాను. దానిలో చెంబెడు నీళ్ళు పోసి చూసినవారు ఒక్కరు లేరు. చీటీలో డిజైనరు పేరు ఉంది, కార్ఖానా పేరు ఉంది. ఇస్సాకు పేరూ లేదు, నా పేరూ లేదు.

అంగళ్ళ సంగతి ఇంకా అన్యాయం. పెనుకొండ అంగడికి ఆరు బిందెలు పంపాము. పదిరోజులకు పోయి చూస్తే అంగడాయన ఒకదాన్ని బోర్లించి దాని మీద కూర్చుని ఉన్నాడు. “బాగుండాదప్పా, కదిలేదే లేదు,” అని నన్నే మెచ్చుకున్నాడు. మిగిలిన అయిదింటిలో కొర్రలు, సామలు పోసుకున్నాడు. కోపం ఆపుకుని అక్కడి నుండి ధర్మవరం పోయాను.

ధర్మవరంలో రంగప్ప అంగడిలో కూర్చుని ఉండగా చౌడమ్మ అనే ఆమె వచ్చింది. మగ్గం ఇంటి మనిషి. పట్టునూలుకు రంగులద్దే చోటికి రోజూ ముప్పై బిందెల నీళ్ళు మోస్తుందట. బిందె కొనే పద్ధతి నీకు తెలుసు. ముందు ధర అడగరు. చంకన పెట్టుకుని అంగడిలో నాలుగడుగులు నడుస్తారు.

“ఏమబ్బా రంగప్పా, దీని మెడ యాడ పోయింది?” అన్నది.

“కొత్త మోస్తరు అక్కా. బెంగళూర్లో దీపం పెట్టి చూపిస్తాండారు.”

“దీపం పెట్టుకోనీలే. నా చేయి యాడ పెట్టుకోవాల?”

రెండడుగులకే బిందె ఆమె మోకాటికి జారింది. నేను లేచి, బరువు ఎంత తగ్గినదీ, నీళ్ళు ఎన్ని శేర్లు ఎక్కువ పట్టేదీ లెక్కతో సహా వివరించాను. ఆమె ఓపికగా విన్నది.

“నువ్వెప్పుడన్నా దీన్ని ఎత్తుకున్యావా అప్పా?”

“రోజూ ఎత్తుకుంటున్నాను. భుజం మీద.”

“భుజం మీద మొగోళ్ళు ఎత్తుకుంటారు. నడుం మీద పెట్టుకొని ఎవురు చూసినారు?”

అంగడి అంతా నవ్వింది. రంగప్ప తెప్పించిన కాఫీ ముట్టకుండా రైలెక్కాను. ఆమె ప్రశ్నకు జవాబు లేక కాదు, ఉన్నందువల్ల. చూసినది నీవు. మొదటి రోజే, “ఇది నిలిచేదే లేదు, జారతాండాది,” అని నాతో చెప్పావు. పట్టుకోవడం నేర్చుకోవాలి అన్నాను. చదువు లేనివారికి కొత్త వస్తువు ఒక పట్టాన అలవాటు కాదు అని కూడా అన్నాను.

ఇక ఇన్నాళ్ళు వ్రాయలేక దాచినది వ్రాస్తున్నాను. జూలై పదహారవ తేదీ నీవు బావి మెట్ల మీద పడినప్పుడు నేను గడపలో నిలబడి పళ్ళు తోముకుంటున్నాను. నీ కాలు జారలేదు. ముందు బిందె జారింది. దాన్ని పట్టుకోబోయి నీవు పడ్డావు. కళ్ళారా చూశాను. కట్టు కట్టే ఆయనతో నీ కాలు పాచి మీద జారిందన్నాను. మామగారితోనూ అదే చెప్పాను. అడుగు చూసి వేయడం తెలియదని నలుగురిలో నిన్నే కోప్పడ్డాను. మరునాడు కార్ఖానాకు పోయి పరీక్ష కాగితం మీద, “వాడి చూడబడినది, లోపము లేదు, పరీక్షించినవారు: కదిరప్ప, ఎస్.ఎస్.ఎల్.సి.” అని సంతకం చేశాను. నా అక్షరాలు ఎప్పటివలెనే గుండ్రంగా వచ్చాయి.

ధర్మవరం నుండి వచ్చిన మరునాడు తెల్లవారగానే తలుపు గడియ వేసుకుని, ఆ బిందెను నిండా నింపి నా చంకన పెట్టుకున్నాను. నడవలో మూడడుగులు వేశాను. పంచె తడిసి ముద్దయింది. అదే పంచెతో పనికి పోతే ఇస్సాకు చూసి, “ఏం సార్, నడుం మీద పెట్టుకున్యారా? నేను నెల కిందనే పెట్టుకొని చూసినా,” అన్నాడు.

“మరి చెప్పలేదేమి?”

“మీరు స్కేలు చేత్తో పట్టుకుంటే ఎవురు చెప్తారు సార్?”

నిన్న యజమాని నారాయణప్పగారి దగ్గరకు పోయి ఈ బిందె పనికిరాదని చెప్పాను. ఆరువందలు తయారై ఉన్నాయి. వచ్చే నెల మొదటి తేదీన అనంతపురం, కర్నూలు అంగళ్ళకు పోవాలి. ఆయన సొరుగులో నుండి కాగితం తీసి, “సంతకం నీదే కదప్పా. దాన్ని చూసే కదా లేతు తిప్పమన్నింది,” అన్నారు. అది అబద్ధపు సంతకమన్నాను. అయితే నిజమైనది వ్రాసి తెమ్మన్నారు ఆయన. మొదటి తేదీ లోపల తేకపోతే బిందెలు బండికెక్కుతాయి. తెచ్చినా నా కుర్చీ ఉంటుందని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. సూపర్వైజరు కాకముందు చేసిన లేతు పని ఇంకా మరచిపోలేదు.

కొత్త కాగితం దీనితో జతపరచినాను. బిందె చంకన నిలవదనీ, దానివల్ల ఒకరి చేయి విరిగినదనీ, మెడ, అంచు తిరిగి పెట్టవలెననీ వ్రాశాను. అడుగున ‘పరీక్షించినవారు’ అన్నచోట ఖాళీ విడిచాను. అక్కడ నీ పేరు వ్రాయి. ఎడమ చేతితోనే వ్రాయి. ఎంత వంకరగా వచ్చినా సరే. వేలిముద్ర మాత్రం వేయవద్దు. వ్రాయడం ఇష్టం లేకపోతే ఖాళీగానే తిప్పి పంపు. అందుకు నేను నిన్ను ఒక్క మాట అనను.

పాచి సంగతి వ్రాసిన భాగం మామగారికి బిగ్గరగా చదివి వినిపించు. అత్తమ్మకు, మామగారికి నా నమస్కారములు.

ఇట్లు,
నీ భర్త
కదిరప్ప