ఎడ్లబండిని గుర్తించని పెట్టె

పుర్వొరెజో, ఆదివారం

లస్త్రీ,
చెయ్యి కాలిందని మీ తమ్ముడు చెప్పి ఉంటాడు. తారు చుక్క పడి చిన్న బొబ్బ లేచిందంతే, దిగులు పడకు.

ఇక్కడి ఇరుకు వంతెనను వెడల్పు చేయాలో వద్దో తేల్చడానికి, రోడ్డులో తీగ పరిచి, బండ్లను లెక్కపెట్టే పెట్టెకు కలిపాం. లారీ వెళితే అంకె కదిలింది. ఈ ఊరి దర్మో తాత ఎడ్లబండి వెళితే కదల్లేదు. ఆ తీగ ఇనుమునే పసిగడుతుంది, తాత బండి చక్రాలతో సహా కర్రే.

"నలభై ఏళ్లుగా ఈ దారినే తిరుగుతున్నా. మీ పెట్టె కంటికి నేను ఆనలేదా నాయనా?" అన్నాడు.

మనసు ఒప్పలేదు. ఎడ్లబండ్లు నడిచే అంచున రబ్బరు గొట్టం వేసి, చక్రం నొక్కగానే లెక్క పడేలా పెట్టెకు కలిపాను. తాత తోలాడు, ఒకటి పడింది. వెనక్కి తిప్పి మళ్లీ తోలాడు.

"ఇది మా ఆవిడ లెక్క. పోయేదాకా నా పక్కనే కూర్చునేది" అన్నాడు.

దొంగ లెక్కే, కొట్టెయ్యలేకపోయాను. నీకొక్కదానికే చెబుతున్నాను.

పాప దగ్గు తగ్గిందా? వంటింటి కప్పు కారుతోందా? నా ఉన్ని చొక్కా పంపు. అత్తయ్యకు దండాలు, పాపకు ముద్దులు. సంతకు ఒక్కదానివే వెళ్లకు, వచ్చే వారం నేను వచ్చాక ఇద్దరం వెళదాం.

నీ పర్జన్