నాన్న శంఖం ఉన్న డబ్బా

అక్క సలఫాయ్‌కి తమ్ముడు ఫలనికో నమస్కరించి రాసేది. ఇక్కడ అమ్మ, నేను, పందులు అందరం బాగున్నాం. ఆపియా పట్నంలో నువ్వు, బావ, కడుపులో బిడ్డ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు అడిగినవి ముందు చెబుతాను. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. చేమదుంపలు బాగా ఊరాయి. నాన్న సమాధికి సున్నం వేశాను. పుట్టబోయే బిడ్డకు వినిపించాలి, నాన్న ఊదిన శంఖం శబ్దాన్ని ఫోనుకు పంపమన్నావు. ఆ సంగతికే వస్తున్నాను.

రోజూ శంఖం ఊదే నాన్న పోయాక, సాయంత్రం ప్రార్థనకు ఊరిని పిలుస్తున్నది నేను చేసిన డబ్బానే కదా. అందులో చిన్న బోర్డు, దాని మీద మైక్రోకంట్రోలర్ అనే గోరంత చిప్పు ఉన్నాయి. నాన్న ఊదిన శంఖాన్ని దాంట్లోనే దాచాను. కంప్యూటర్‌లో ఉన్న నకలు ఉప్పుగాలికి పాత డిస్కుతో పాటే పోయింది. ఈమధ్య ఊరి పెద్దలు పిలిచి, సముద్రం పొంగితే హెచ్చరించే కూత కూడా ఆ డబ్బాలోనే పెట్టమన్నారు. బోర్డు ఇంటికి తెచ్చి కొత్త ప్రోగ్రామ్ ఎక్కిస్తుండగా ప్రార్థన వేళయింది. ఆ పూటకు ఖాళీ గ్యాస్ సిలిండర్ మోగించారు.

"దేవుడి ముందు కూర్చునేటప్పుడు కూడా ఆ మినుకుమినుకు దీపాలేంట్రా?" అంటూ అమ్మ, రోజూ టీవీకి చేసినట్టే, కంప్యూటర్ ప్లగ్గు పీకేసింది. కీర్తన మొదలైంది. ఇక లేవకూడదు కదా, కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

తర్వాత చూస్తే బోర్డులో ఉలుకూ పలుకూ లేదు. కంప్యూటర్ దాన్ని గుర్తే పట్టలేదు. చచ్చిందనే అనుకున్నాను. చివరికి దాని మీది చిన్న బటన్ నొక్కిపట్టి వైరు గుచ్చితే కంప్యూటర్‌లో కనబడింది. ప్రాణం ఉంది. కానీ ప్రోగ్రామ్ సగంలో ఆగి లోపలంతా పాడైంది. మొత్తం తుడిస్తే తప్ప కొత్తది ఎక్కదు. మొత్తమంటే నాన్న శంఖం కూడా. ఆక్లండ్‌లో ఉన్న స్నేహితుణ్ణి అడిగాను. "పంపు, ఆ శబ్దం బయటికి తీయగలనేమో చూస్తా. మాటివ్వలేను," అన్నాడు. అదే రోజు రేడియోలో తుఫాను కబురు. హెచ్చరించడానికి ఊళ్ళో వేరే కూత లేదు.

అక్కా, తుడిచేశాను. నాన్నను నా చేతులతో రెండోసారి పూడ్చినట్టయింది. తీరా తుఫాను పక్కనుంచి వెళ్ళిపోయింది.

నాన్న శంఖం తీసుకుని నేనే ఊది, ఆ శబ్దాన్ని డబ్బాలో ఎక్కించాను. అమ్మకు చెప్పలేదు. సాయంత్రం డబ్బా మోగగానే అమ్మ చాప అల్లడం ఆపింది.

"మీ నాన్న చివర్లో ఊపిరి ఇంకాస్త లాగేవాడు. ఇది నువ్వు కదూ?"

"నాన్నది పోయిందమ్మా."

అమ్మ అల్లుతున్న చాపను పక్కకు నెట్టింది. "ప్లగ్గు పీకింది నేనేగా," అంది. నేను కాదనబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "డబ్బాలో నువ్వు ఊదింది అలాగే ఉండనీ. కానీ అక్కకు మాత్రం మీ నాన్నదని చెప్పి పంపకు. అక్కకు అబద్ధం చెప్పినవాడికి నా ఇంట్లో కూడు లేదు."

నీకు నాదే పంపి నాన్నదని చెబుదామని నిజంగానే అనుకున్నాను. అందుకే ఫోనుకు ఏమీ పంపడం లేదు. ఈ ఉత్తరం తెచ్చినవాళ్ళ చేతిలో గోనెసంచి ఉంటుంది, జాగ్రత్తగా విప్పు. అందులో ఉన్నది నాన్న శంఖం. ఊదేచోట ఒకవైపు నున్నగా అరిగి ఉంటుంది. అది నాన్న పెదవి ఆనిన చోటు. బిడ్డ పుట్టాక అక్కడే నీ పెదవి ఆనించి ఊదు.

ఇట్లు,
నువ్వు ఎంత తిట్టినా పడే నీ తమ్ముడు,
ఫలనికో