రిమ్ము వెనక అంకె

మస్కట్

అక్కయ్యకు తమ్ముడు సూరిబాబు దణ్ణం పెట్టి రాసేది. నేను ఇక్కడ వేళకు తిని తిరుగుతున్నాను. నువ్వు, బావగారు, కోడలు, మనవలు సుఖంగా ఉన్నారని తలుస్తాను. బావగారి మోకాలు ఎలా ఉంది? నూనె రాయడం మానొద్దని చెప్పు.

పోయిన ఉత్తరంలో కులాసాగా ఉన్నానని మూడుసార్లు రాశాను. నువ్వు అడిగినదానికి మాత్రం జవాబు రాయలేదు. మామిడికుదురు మంగమ్మగారి కొడుకు సత్తిబాబు తాగి బండి నడిపి లోయలో పడి పోయాడని అక్కడ అనుకుంటున్నారని, అది నిజమేనా అని అడిగావు. ఆవిడ శనివారాలు అప్పనపల్లి గుడికి రావడం కూడా మానేసిందని రాశావు. ఆ ముక్క చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. కంగారు పడకు. ఒంట్లో బాగానే ఉంది.

ఇక్కడ ఎండలు ముదిరాయి. పది గంటలయ్యేసరికి పానా పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. గోనెగుడ్డ చుట్టుకుని పట్టుకుంటున్నాం. పప్పుచారు నేనే కాచుకుంటున్నాను. నువ్వు పంపిన గోంగూర పచ్చడి అయిపోయింది. ఇప్పట్లో మళ్లీ పంపొద్దు. ఎందుకో చివర రాస్తాను.

మా షాపులో పనేమిటో నీకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు. ఇక్కడి పికప్పులు మన దగ్గర కనపడవు. ముందు జీపులా ఉండి వెనక తొట్టి ఉంటుంది. అందులో లారీకి ఎక్కించినట్టు బరువు ఎక్కిస్తారు. టైరు ఎన్ని కిలోలు మోస్తుందో దాని పక్కనే అచ్చు వేసి ఉంటుంది. టైరు ఎక్కించే ఇనుప చక్రానికి, అదే రిమ్ముకి కూడా అంకె ఉంటుంది గాని అది వెనకవైపు ఉంటుంది. చక్రం విప్పి కిరసనాయిలు గుడ్డతో తుడిస్తేనే కనపడుతుంది. రెండు అంకెలూ చదివి, మేస్త్రీకి వినపడేలా పైకి చెప్పి, అప్పుడు బిగించాలి. రెండింట్లో ఏది చిన్నదో ఆ చక్రం మోసేది అంతే. టైరు ఎంత గట్టిదైనా రిమ్ము తక్కువదైతే లాభం లేదు. నాకు ఈ లోకంలో బాగా వచ్చిన పని ఇదొక్కటే. ఆరేళ్లుగా చేస్తున్నాను.

బావగారు కొబ్బరికాయల వ్యానుకి పెద్ద టైర్లు వేయించారని రాశావు. రిమ్ములు పాతవే అయితే విప్పించి వెనక చూడమను. అంకె తెలిసేదాకా ఎక్కువ కాయలు ఎక్కించొద్దను. నా మాటగా చెప్పు.

సత్తిబాబు పైపులు మోసే పికప్పు నడిపేవాడు. మన వైపు మనిషినని నా దగ్గరకే వచ్చేవాడు. వస్తే మాటలన్నీ అతనివే. "మీతో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టుంటుందండి బాబాయ్‌గారూ. గోడ నయమండి, అప్పుడప్పుడూ సున్నమైనా రాలుస్తుంది" అనేవాడు. నాకు నవ్వొచ్చేది.

ఒక శుక్రవారం పొద్దున్నే తళతళలాడే రిమ్ములు నాలుగు తెచ్చాడు. పాత సామాన్ల యార్డులో దొరికాయట. బండిని కొత్తదానిలా చేసి కంపెనీ ఓనరుకి చూపించాలని అతని ముచ్చట. ఎవరు పూశారో గాని వెనకవైపు కూడా వెండిరంగు దట్టంగా పూసి ఉంది. అంకె ఆ రంగు కింద పూడిపోయింది. గీకితే గాని కనపడదు. మేస్త్రీ ఇంకా రాలేదు. టైర్లు చూస్తే కొత్తవి, ఒక్కోటి పదమూడు వందల ఎనభై కిలోలు మోసేవి. రిమ్ములూ అలాంటివే అయి ఉంటాయనుకుని బిగించేశాను.

బిగించాక అతను నాలుగు చక్రాలకీ పసుపు రాసి కుంకం బొట్లు పెట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. వాళ్లమ్మ పంపిన కొబ్బరి లౌజు ఒకటి నా నోట్లో పెట్టి, "రిమ్ముల వెనక నెంబర్లు చూసేరా బాబాయ్‌గారూ?" అని అడిగాడు.

"ఆయ్" అన్నాను.

ఎవరైనా ఆప్యాయంగా అడిగితే కాదనడం నాకు ఎప్పుడు వచ్చింది అక్కయ్యా. చిన్నప్పుడు నువ్వే అనేదానివి, "వీడిని ఏమడిగినా ఆయ్ అంటాడు, లేదనే మాట వీడి నోట పుట్టలేదు" అని. పసుపు రాసి బొట్టు పెట్టిన చక్రాన్ని మళ్లీ విప్పుదామనడానికి నాకు నోరు రాలేదు. అతను నిమ్మకాయల మీదుగా బండి పోనిచ్చి, చెయ్యి ఊపి వెళ్లాడు.

పదకొండో రోజున పైపుల బరువుతో కొండ దిగుతుంటే వెనక ఎడమ చక్రం ఊడిపోయి బండి లోయలో పడింది. ఆ బండినీ, ఊడిన చక్రాన్నీ లాక్కొచ్చి మా షాపు వెనకే పడేశారు. ఎండకి టైరు పేలిందని ఒకరన్నారు. స్పీడుగా దిగాడని ఒకరన్నారు. కంపెనీ వాళ్లు మంగమ్మగారికి కూడా స్పీడనే రాశారట. తాగాడన్న మాట అక్కడ మన వైపు కలిసినట్టుంది.

నేను వెళ్లి ఆ చక్రం టైరు తట్టి చూశాను. పేలలేదు. గాలి నిండుగా ఉంది. నట్లు బిగించే చోట రిమ్మే చుట్టూ చిరిగిపోయింది. వెనక రంగు గీకాను. తొమ్మిది వందల యాభై అని ఉంది. ముందువైపు పసుపు ఇంకా పోలేదు.

అప్పట్నుంచి నేను ఏ చక్రం దగ్గర కూర్చున్నా ఎడమ భుజం వెనక అతను వచ్చి గొంతుక్కూర్చుంటాడు. పట్టపగలే. అందరూ తిరుగుతుండగానే. అతని తలనూనె వాసన వస్తుంది. అదే మాట అడుగుతాడు. కోపంగా కాదు. లౌజు పెట్టి అడిగినప్పుడు ఎలా అడిగాడో అలాగే. నేను వెనక్కి తిరగను. "చూడలేదు అబ్బాయీ" అంటాను. ముసలాయన టైర్లతో మాట్లాడుతున్నాడని షాపులో వాళ్లు నవ్వుతారు. ఇప్పుడు ఒక్కో రిమ్మునీ మూడేసి సార్లు తుడిచి చదువుతున్నాను. చదివాక కూడా అడుగుతాడు. నువ్వు భయపడకు. వేళకు తింటున్నాను.

మొన్న మేస్త్రీకి ఆ రిమ్ము చూపించాను. కేరళ మనిషి, మంచివాడే. "తాతా, నువ్వు చూపించలేదు, నేను చూడలేదు. పోయినవాడు ఎలాగూ రాడు. నువ్వు జైల్లో పడతావు. దాన్ని తుక్కులో పారెయ్" అన్నాడు. అలవాటుగా ఆయ్ అనబోయాను. అనలేదు. రిమ్ముని గోనెసంచిలో చుట్టి నా మంచం కిందకి తెచ్చుకున్నాను.

ఈ ఉత్తరం పోస్టులో వేసి, అటునుంచి ఆ సంచితో సత్తిబాబు కంపెనీ ఆఫీసుకి వెళ్తాను. అక్కణ్నుంచి పోలీసుల దగ్గరకి. ముందు ఆఫీసుకి వెళ్తే నన్ను ఉంచేసుకుంటారేమో, నీకు రాయడం కుదరదేమో అని ముందు ఉత్తరం వేస్తున్నాను. పచ్చళ్లు పంపొద్దన్నది అందుకే. కొన్నాళ్లు నా దగ్గర్నుంచి ఏమీ రాకపోతే దిగులు పెట్టుకోకు.

నువ్వు నాకు ఒక పని చేసిపెట్టాలి. మామిడికుదురు వెళ్లి ఈ ఉత్తరం మంగమ్మగారికి చదివి వినిపించు. బావగారిని తీసుకెళ్లకు, ఆయన సర్దిచెప్పేస్తారు. మధ్యలో ఆపి మా తమ్ముడు అలాంటివాడు కాదని నువ్వూ అనకు. ఉన్నది ఉన్నట్టు చదువు. లోపల గదిలో వద్దు. వీధి అరుగు మీద కూర్చుని, పక్కిళ్ల వాళ్లకి వినపడేలా చదువు.

సత్తిబాబు చుక్క ముట్టేవాడు కాదు. పక్క సీట్లో గుడ్లబుట్ట ఉన్నట్టు నడిపేవాడు. తప్పు అతనిది కాదు, అతను అడిగాడు. నేను చూశానని అబద్ధం చెప్పాను. ఈ నాలుగు ముక్కలూ రెండోసారి కూడా చదువు.

పెద్దవాళ్లందరికీ నా దణ్ణాలు చెప్పు. పిల్లల్ని అడిగానని చెప్పు. ఎప్పుడూ నీ దీవెనలు అడిగేవాడిని. ఈసారి అడగడానికి సిగ్గుగా ఉంది. మంగమ్మగారు ఏమన్నారో అది రాయి. తిడితే తిట్టిన మాటలే రాయి. ఏమీ అనకపోతే, ఏమీ అనలేదని రాయి.

నీ తమ్ముడు
సూరిబాబు